పిల్లలతో గ్రాండ్ కాన్యన్‌లోకి దిగాలంటే: ప్లాన్ పైకి ఎక్కడం నుంచి మొదలుపెట్టండి

అమెరికాలో, అరిజోనాలోని పెద్ద లోయ గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లే మనవాళ్లలో చాలామంది అంచు మీద రెండు మూడు చోట్ల ఫొటోలు దిగి, సూర్యాస్తమయం చూసి, కారెక్కి లాస్ వేగాస్‌కో ఫీనిక్స్‌కో బయల్దేరిపోతారు. అందులో తప్పేమీ లేదు గానీ, ఆరేడేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబం ఒక్క పూట కేటాయించి కాస్త లోపలికి దిగితే అనుభవమే వేరు. అరగంట నడిచేసరికి తల పైన గోడలు లేస్తాయి, రాయి రంగు మారుతుంది, పైన ఉన్న జనం గోల వినబడదు. ఈ గైడ్ అలా లోపలికి దిగి, అదే రోజు అందరూ నవ్వుతూ పైకి రావాలనుకునే వాళ్లకోసం. అడుగున పారే కొలరాడో నది దాకా వెళ్లాలనుకునేవాళ్లకు ఇది సరిపోదు. ఒక్కరోజులో నది దాకా దిగి ఎక్కే ప్రయత్నం చేయొద్దని పార్కు వాళ్లే బోర్డులు పెట్టి మరీ చెబుతారు.

మొత్తం ప్లాన్‌కి ఆధారం ఒక్కటే సంగతి. అలిపిరి నుంచి తిరుమలకు మెట్లెక్కితే కష్టమంతా ముందే అయిపోతుంది, మధ్యలో ఓపిక అయిపోతే వెనక్కి దిగిపోవచ్చు. ఇక్కడ దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది: ముందు హాయిగా దిగుతాం, ఎండ ముదిరి, కాళ్లు అలిసి, పిల్లలు విసిగిపోయిన తర్వాత ఎక్కడం మొదలవుతుంది, దానికి ఇంకో దారి లేదు. దిగేటప్పుడు "ఇంత ఈజీనా, ఇంకాస్త పోదాం" అనిపించడమే ఇక్కడ అసలు ప్రమాదం. కాన్యన్ లోపలి నుంచి ఏటా 250 మందికి పైగా మనుషుల్ని రక్షించి తీసుకురావాల్సి వస్తోందని పార్కు వాళ్లు హెచ్చరిస్తుంటారు. అందుకే ఎక్కడ వెనక్కి తిరగాలో పైనే, ట్రెయిల్ (నడక దారి) మొదట్లోనే నిర్ణయించుకోవాలి, కింద కాదు.

మొదటి అడుగు: మీరు వెళ్తున్నది ఏ కాన్యన్‌కి?

నవ్వొచ్చే ప్రశ్నే, కానీ బుకింగుల దగ్గర చాలామంది తికమక పడేది ఇక్కడే. వేగాస్ టూర్లలో అమ్మే గ్రాండ్ కాన్యన్ వెస్ట్, అంటే గాజు వంతెన స్కైవాక్ ఉన్న చోటు, నేషనల్ పార్కులో లేదు. అది వాలపాయ్ తెగవారి భూమి, టికెట్ వేరు, మనం చెప్పుకుంటున్న ట్రెయిళ్లు అక్కడ ఉండవు. నీలం రంగు జలపాతాలతో ఫొటోల్లో కనిపించే హవాసూ ఫాల్స్ హవాసుపాయ్ తెగవారిది, దానికి ముందుగా పర్మిట్ కావాలి, రాత్రి బస తప్పనిసరి. ఆంటెలోప్ కాన్యన్ పేజ్ ఊరి దగ్గర, నావహో తెగ గైడ్ లేకుండా లోపలికి పోనివ్వరు. ఇవన్నీ మంచి చోట్లే, కానీ ఈ గైడ్ వాటి గురించి కాదు.

మనకు కావాల్సింది నేషనల్ పార్కులోని సౌత్ రిమ్, అంటే దక్షిణపు అంచు. ఏడాది పొడుగునా తెరిచి ఉంటుంది, ఫీనిక్స్ నుంచి మూడున్నర గంటలు, వేగాస్ నుంచి నాలుగున్నర గంటలు, ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి గంటన్నర డ్రైవ్. నార్త్ రిమ్ ఇంకా ఎత్తు, చలికాలంలో మూసేస్తారు, పైగా 2025 జూలైలో వచ్చిన కార్చిచ్చులో అక్కడి పాత లాడ్జి కాలిపోయింది. కుటుంబంతో మొదటిసారి అయితే ఆ వైపు ఆలోచనే వద్దు.

ఒక్కరోజు నడకకు పర్మిట్ అక్కర్లేదు. ఎంట్రీ ఫీజు కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మాత్రం ఒక కొత్త లెక్క ఉంది. 2026 నుంచి అమెరికా నివాసులు కాని, 16 ఏళ్లు పైబడిన వాళ్లకు గ్రాండ్ కాన్యన్‌తో సహా కొన్ని పెద్ద పార్కుల్లో తలా 100 డాలర్లు అదనం. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైటులో ఆ వారం ఏం రాశారో చూసుకోండి, ఇలాంటివి మారుతుంటాయి. అమెరికాలో నాలుగో తరగతి చదివే పిల్లలు మీతో ఉంటే వాళ్ల పేరు మీద ఉచిత పాస్ తీసుకోవచ్చు, చాలామందికి తెలియదు.

రెండో అడుగు: నెల ఎంచుకోవడం

ఏప్రిల్, మే మొదట్లో, సెప్టెంబర్ చివర, అక్టోబర్. ఇవి మంచివి. అక్టోబర్ అయితే నా దృష్టిలో ఇంకా మంచిది.

పిల్లల సెలవులు జూన్, జూలైల్లోనే కదా అంటారు, నిజమే. కానీ లెక్క చూడండి: సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది, అందుకే వేసవిలో కూడా పైన గాలి చల్లగానే అనిపిస్తుంది. అక్కడి నుంచి వెయ్యి అడుగులు దిగినప్పుడల్లా వేడి సుమారు 3 డిగ్రీల సెల్సియస్ పెరుగుతూ పోతుంది. కాన్యన్ అడుగున వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే, అదీ నీడలో. పైన నిలబడి "వెదర్ బ్రహ్మాండం" అనుకుని దిగితే, కింద పూర్తిగా వేరే వాతావరణం ఎదురవుతుంది. వేసవిలో తప్పకపోతే ఒకటే నియమం, ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ట్రెయిల్ మీద ఉండకూడదు. అంటే తెల్లారకముందే మొదలుపెట్టి పది లోపు పైకి వచ్చేయాలి. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులతో వానలు కూడా పడతాయి కాబట్టి ఉదయమే ముగించడానికి అది ఇంకో కారణం.

థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులకు వెళ్తే గొడవ వేడితో కాదు, మంచుతో. ట్రెయిల్ పైభాగం నీడలో ఉంటుంది, పడిన మంచు గడ్డకట్టి గాజులా జారుతుంది. బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు, మైక్రోస్పైక్స్ అంటారు, అవి లేకుండా పిల్లల్ని దించొద్దు.

మూడో అడుగు: ఏ ట్రెయిల్, ఎక్కడి దాకా

సౌత్ రిమ్ నుంచి కుటుంబాలకు పనికొచ్చేవి రెండే, బ్రైట్ ఏంజెల్, సౌత్ కైబాబ్.

బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ అంచు మీదున్న ఊళ్లోనే, గ్రాండ్ కాన్యన్ విలేజ్‌లోనే మొదలవుతుంది, బ్రైట్ ఏంజెల్ లాడ్జి పక్క నుంచి. ఇది హవాసుపాయ్ వాళ్లు ఎప్పటి నుంచో కింద ఊట దగ్గరికి వెళ్లడానికి వాడిన దారి. తర్వాత రాల్ఫ్ కామెరాన్ అనే ఆయన దాన్ని బాగుచేసి, మనిషికి డాలరు చొప్పున టోల్ వసూలు చేశాడు. ఇప్పుడు టోల్ లేదు, నీడ ఉంది, మధ్యలో విశ్రాంతి గదులున్నాయి, టాయిలెట్లున్నాయి, వేసవిలో నీళ్ల కొళాయిలున్నాయి. చిన్నపిల్లలుంటే నా ఓటు దీనికే.

ఎక్కడ తిరగాలి అనేదానికి ఇలా చూసుకోండి. అయిదారేళ్ల పిల్లలైతే రెండో సొరంగం దాకా, అది సుమారు ముప్పావు మైలు. మొదటి సొరంగం మొదలుపెట్టిన కాసేపటికే వస్తుంది, రాతిలో తొలిచిన దాని గుండా నడవడమే పిల్లలకు సరదా. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటి నడక అలవాటున్న పిల్లలైతే మైలున్నర విశ్రాంతి గది దాకా వెళ్లొచ్చు. రానుపోను మూడు మైళ్లే, కానీ 1,120 అడుగులు దిగి మళ్లీ అంతా ఎక్కాలి, పార్కు వాళ్లు దీనికి రెండు నుంచి నాలుగు గంటలు వేస్తారు. మీరు నాలుగే వేసుకోండి. మూడు మైళ్ల విశ్రాంతి గది అంటే రానుపోను ఆరు మైళ్లు, నాలుగు నుంచి ఆరు గంటలు. అది టీనేజర్లున్న, వారంవారం ఎక్కడో ఒక చోట కొండెక్కే కుటుంబాలకు. ఆ తర్వాత వచ్చే హవాసుపాయ్ గార్డెన్స్ చెట్లతో, వాగుతో చాలా బాగుంటుంది. పాత మ్యాపుల్లో ఇండియన్ గార్డెన్ అని ఉండేది, 2022లో పేరు మార్చారు. కానీ 3,000 అడుగులకు పైగా దిగాలి, పిల్లలతో ఒక్కరోజులో వద్దు.

సౌత్ కైబాబ్ ట్రెయిల్ సంగతి వేరు. ఇది కొండ వెన్ను మీదుగా పోతుంది కాబట్టి మొదటి పావుగంట దాటాక కాన్యన్ రెండు వైపులా తెరుచుకుంటుంది, అంత వ్యూ బ్రైట్ ఏంజెల్‌లో రావాలంటే చాలా దూరం దిగాలి. దీని ఖరీదు నీళ్లు లేకపోవడం, నీడ దాదాపు లేకపోవడం. రానుపోను 1.8 మైళ్లున్న ఊ-ఆ పాయింట్ దాకా వెళ్లి వచ్చేయడం పదేళ్ల పిల్లలకు చక్కగా సరిపోతుంది. ఆ పేరు ఎందుకొచ్చిందో మలుపు తిరగ్గానే అర్థమవుతుంది. ఇంకాస్త ఓపికుంటే సెడార్ రిడ్జ్, రానుపోను మూడు మైళ్లు, అక్కడ టాయిలెట్ ఉంటుంది, కూర్చోవడానికి విశాలంగా ఉంటుంది. ఎండాకాలంలో అక్కడి నుంచి కిందకి వెళ్లకండి. ఈ ట్రెయిల్ మొదటికి సొంత కారులో పోనివ్వరు, విజిటర్ సెంటర్ నుంచి ఉచిత షటిల్ బస్సు పట్టుకోవాలి. తెల్లవారుజామున బ్రైట్ ఏంజెల్ లాడ్జి దగ్గర నుంచి నేరుగా వెళ్లే హైకర్ల బస్సు కూడా ఉంది, దాని టైమింగ్స్ నెలనెలా మారతాయి.

కైబాబ్‌లో దిగి బ్రైట్ ఏంజెల్‌లో ఎక్కుదాం అని ఎవరైనా చెబితే వినకండి. రెండూ కలిసేది కింద, చాలా కింద. మీది వెళ్లిన దారినే వచ్చే నడక.

నాలుగో అడుగు: బ్యాగులో ఏముండాలి

కొత్త బూట్లు అక్కడ తొడగొద్దు, కనీసం రెండు మూడు వారాలు ఇంటి చుట్టూ వాడి తెచ్చుకోండి. మంచి పట్టున్న రన్నింగ్ షూస్ అయినా చాలు, చెప్పులు, క్రాక్స్ మాత్రం వద్దు. బయల్దేరే ముందు రోజు అందరూ కాలిగోళ్లు కత్తిరించుకోండి, ఇది చాదస్తం అనిపిస్తుంది గానీ దిగేటప్పుడు వేళ్లు బూటు ముందు భాగానికి గుద్దుకుంటూనే ఉంటాయి, గోరు పొడుగ్గా ఉంటే రెండు రోజుల్లో నల్లబడుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు చేతికర్రల జత ఎంతో సాయం.

ఎండాకాలంలో పొడుగు చేతుల పలుచని కాటన్ చొక్కా మంచిదే. మామూలుగా హైకింగ్‌కి కాటన్ వద్దంటారు, ఇక్కడ పొడి గాలి కాబట్టి కొళాయి దగ్గర చొక్కా, టోపీ తడిపి వేసుకుంటే ఒళ్లు చల్లబడుతుంది. చలికాలంలో అదే కాటన్ శత్రువు. వెడల్పు అంచు టోపీ, సన్‌స్క్రీన్, ఒక చిన్న మందుల పెట్టె, మనిషికో టార్చి. మధ్యాహ్నానికి వచ్చేస్తాం కదా టార్చి ఎందుకు అనకండి, పెట్టుకోండి. స్ట్రోలర్ ట్రెయిల్ మీద కదలదు, మరీ చిన్నపిల్లల్ని వీపున మోసే క్యారియర్‌లో తీసుకెళ్లొచ్చు, అయితే ఎక్కేటప్పుడు ఆ బరువు మోసేది మీరే. కుక్కల్ని అంచు కిందకి దించనివ్వరు, డ్రోన్ అయితే పార్కులో ఎక్కడా ఎగరేయకూడదు.

అయిదో అడుగు: నీళ్లు, ఉప్పు, తిండి

దీని మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు సగం మాత్రమే వింటారు. నీళ్లు తాగాలని అందరికీ తెలుసు. వేడిలో నడిచేటప్పుడు మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది. కాబట్టి చిన్న నడకకైనా పెద్దవాళ్లకు తలా రెండు లీటర్లకు తగ్గకుండా పట్టుకోండి. కొళాయిలు ఉన్నాయని ధీమాగా ఉండొద్దు. మైలున్నర, మూడు మైళ్ల విశ్రాంతి గదుల దగ్గర నీళ్లు సుమారు మే నుంచి అక్టోబర్ దాకానే వస్తాయి, ఆ రోజుల్లో కూడా పైపు పగిలితే అంతే. పార్కు మొత్తానికీ నీళ్లిచ్చే పైపులైను 1960ల నాటిది, పగలడం దానికి అలవాటు, దాన్ని మార్చే పనుల వల్ల ట్రెయిల్ భాగాలే మూసేసిన రోజులు ఈమధ్య ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం విజిటర్ సెంటర్‌లో అడగండి: ఏ కొళాయి వస్తోంది, ఏ ట్రెయిల్ తెరిచి ఉంది.

మిగతా సగం ఏమిటంటే, ఉప్పు. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది. దాంతోపాటు ఉప్పు పోతుంది. ఏమీ తినకుండా ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం మొదలవుతాయి, అది వడదెబ్బలాగే కనబడుతుంది కాబట్టి ఇంకా నీళ్లు పట్టిస్తారు, పరిస్థితి ఇంకా పాడవుతుంది. అందుకని నీళ్లు తాగిన ప్రతిసారీ ఏదో ఒకటి ఉప్పగా నమలాలి. ఈ విషయంలో మన ఇళ్లకు మించిన దుకాణం లేదు: జంతికలు, చేగోడీలు, ఉప్పు వేసి వేయించిన పల్లీలు, చింతపండు పులిహోర. పులిహోర ఆ పూటంతా పాడవదు, పిల్లలు తింటారు. పెరుగన్నం తెల్లారే సరికి బాగానే ఉన్నా ఎండలో బ్యాగులో పెట్టి తిప్పడం మంచిది కాదు, దాన్ని పైకి వచ్చాక కారు దగ్గర కూలర్‌లోంచి తీయండి. రెండు మూడు ఓఆర్ఎస్ ప్యాకెట్లు జేబులో ఉండనివ్వండి. తొక్కలు, గింజలు, కవర్లు అన్నీ తిరిగి మీ బ్యాగులోకే.

ఉడతలకు మాత్రం ఒక్క పల్లీ కూడా వేయొద్దు. విశ్రాంతి గదుల దగ్గర అవి చేతి దాకా వస్తాయి, పిల్లలు ముచ్చటపడతారు, అవి గట్టిగా కరుస్తాయి.

ఆరో అడుగు: ఆ రోజు

ఫోన్ టైమ్ చూసుకోండి. అరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, పక్కనే ఉన్న నావహో ప్రాంతంలో మారుస్తారు. పేజ్ వైపు నుంచి వచ్చేవాళ్ల ఫోన్లు గంట అటూఇటూ చూపించి బస్సు తప్పిపోయేలా చేస్తాయి.

సెలవు రోజుల్లో పార్కు గేటు దగ్గర లైన్ భయంకరంగా ఉంటుంది. తొమ్మిదికి ముందే లోపల ఉండేలా చూసుకోండి, వీలైతే గేటు బయటే ఉన్న టుసాయన్‌లో ముందు రాత్రి ఆగండి. ఏడు వేల అడుగుల ఎత్తుకు ఒళ్లు సర్దుకోవడానికి ఆ రాత్రి పనికొస్తుంది కూడా. టిఫిన్ చేసి, టాయిలెట్‌కి వెళ్లి, సీసాలు నింపుకుని, ట్రెయిల్ బోర్డు ముందు నిలబడి పిల్లలకు కూడా వినబడేలా చెప్పండి: ఫలానా చోటు దాకా, లేదా ఫలానా టైమ్ దాకా, ఏది ముందొస్తే అక్కడ తిరుగుతాం. పైన ఎవరైనా ఉంటే వాళ్లకూ ఆ టైమ్ చెప్పండి, లోపల సిగ్నల్ ఉంటుందని అనుకోవద్దు.

దిగడానికి పట్టిన టైమ్‌కి రెట్టింపు ఎక్కడానికి పడుతుంది. నీళ్లలో, తిండిలో మూడో వంతు అయిపోయిందా, మీరనుకున్న చోటు రాకపోయినా తిరిగేయండి. పిల్లలు దిగేటప్పుడు పరుగెత్తుతారు, మలుపుల దగ్గర వాళ్లను గోడ వైపు ఉంచి పెద్దవాళ్లు లోయ వైపు నడవాలి. మలుపులు తప్పించి అడ్డంగా దిగనివ్వకండి, రాళ్లు దొర్లి కింద నడిచేవాళ్ల మీద పడతాయి. కంచర గాడిదల వరస వస్తే లోయ వైపు కాకుండా కొండ వైపుకి జరిగి, కదలకుండా నిలబడి, వాటిని నడిపించే మనిషి చెప్పినట్టు చేయాలి. పైకెక్కుతున్న వాళ్లకు దారివ్వడం ఇక్కడి మర్యాద. ఫొటో కోసం వెనక్కి అడుగులేయడం అనేది ఈ పార్కులో మర్చిపోవాల్సిన అలవాటు, ముందు నిలబడండి, తర్వాత ఫోన్ తీయండి.

ఎక్కేటప్పుడు వేగం ఇంట్లో అందరికంటే నెమ్మదైన మనిషిది. వాళ్లను ముందు నడవనివ్వండి. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, ఆయాసంతో మాట రాకపోతే ఎక్కువైనట్టు. గంటకోసారి నీడలో కూర్చుని అయిదు పది నిమిషాలు కాళ్లు ఏదైనా రాయి మీదకి ఎత్తి పెట్టుకోండి, లేచాక తేడా తెలుస్తుంది. "ఇంకా ఎంత దూరం" అని పిల్లలు అడిగితే మైళ్లలో చెప్పకండి, తర్వాతి నీడ ఎక్కడుందో చూపించండి.

ఎవరికైనా తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం, చల్లటి చెమటలు మొదలైతే అక్కడే ఆగాలి. నీడ, తడి బట్ట, ఉప్పు తిండి, ఓఆర్ఎస్, గంట అయినా సరే కూర్చోవడం. ఎండ తగ్గేదాకా ఆగి సాయంత్రం నెమ్మదిగా ఎక్కినా ఏమీ కాదు, అందుకే టార్చి. మాట తడబడుతున్నా, మనిషి పొంతన లేకుండా ప్రవర్తిస్తున్నా అది ఎమర్జెన్సీ, వెంటనే నీళ్లతో తడిపి చల్లబరుస్తూ సాయం కోసం ఇంకొకరిని పంపండి. బ్రైట్ ఏంజెల్ విశ్రాంతి గదుల దగ్గర అత్యవసర ఫోన్లు ఉంటాయి, సిగ్నల్ దొరికితే 911, అక్కడి ఎమర్జెన్సీ నంబరు. హెలికాప్టర్ వచ్చేస్తుందిలే అనుకోవద్దు, వాతావరణం, వేడి అనుకూలించాలి.

పైన ఆగిపోయే అమ్మానాన్నల కోసం

మోకాళ్లు, బీపీ, గుండె సమస్య ఏదున్నా వాళ్లను మొహమాటానికి దించొద్దు, "నువ్వొస్తే మేమూ వస్తాం" అని లాగొద్దు. పైన వాళ్లకు మంచి కాలక్షేపమే ఉంది. యావపాయ్ జియాలజీ మ్యూజియం నుంచి ఊరి వైపు అంచు వెంట తారు వేసిన సమతల బాట ఉంది, వీల్‌చెయిర్ కూడా పోతుంది. దాని మీద ప్రతి మీటరూ పది లక్షల ఏళ్లకు గుర్తు, మధ్యమధ్యలో ఆయా కాలాల రాళ్లు తాకి చూడ్డానికి పెట్టారు. అందులో కాన్యన్ అడుగున ఉండే, సుమారు 170 కోట్ల ఏళ్ల నాటి నల్లటి రాయి కూడా ఒకటి, దాని పేరు విష్ణు షిస్ట్. 1880ల్లో ఈ ప్రాంతాన్ని సర్వే చేసిన క్లారెన్స్ డట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త లోపలి శిఖరాలకు తూర్పు దేశాల దేవుళ్ల పేర్లు పెట్టే అలవాటు మొదలుపెట్టాడు. అలా మ్యాపులో విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, రాముడి పేరుతో ఒకటి, కృష్ణుడి పేరుతో ఒకటి కనిపిస్తాయి. గుడులేమీ ఉండవు, అన్నీ కొండలే. అయినా మ్యాపు ఇచ్చి వెతకమంటే పెద్దవాళ్లకు గంట ఇట్టే గడిచిపోతుంది. మీతో దిగని చిన్నపిల్లలుంటే విజిటర్ సెంటర్‌లో జూనియర్ రేంజర్ పుస్తకం ఉచితంగా ఇస్తారు, తాత, మనవడు కలిసి నింపితే బ్యాడ్జి కూడా వస్తుంది.

మీరు పైకి వచ్చాక వెంటనే కారెక్కి అయిదు గంటలు నడిపే ప్లాన్ పెట్టుకోకండి. కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, చీకటి పడేవేళ పార్కు రోడ్ల మీదకి ఎల్క్‌లు, అంటే గుర్రమంత దుప్పులు, చెప్పాపెట్టకుండా వస్తాయి. ఆ రాత్రి టుసాయన్‌లోనో, గంట దూరంలోని విలియమ్స్‌లోనో గది తీసుకుని, వేగాస్‌కి మర్నాడు పొద్దున్న బయల్దేరండి.